చికాగో నగర శిల్పి జాన్ రూట్

బండమీద ఇల్లు కట్టుకొనిన బుద్ధిమంతుని కథయు, ఇసుకమీద కట్టుకొనిన అవివేకి కథయు మన పాఠశాల బాలబాలికలలో ఎరుగనివారు లేరు. అయితే ఎంత త్రవ్వినను బండ అందని ఊర బుద్ధిమంతుడేమి చేయవలెను? ఈ ప్రశ్న మమ్ము డ్రాయింగు తరగతిలో ఒక బాలుడు అడిగెను. ఆ దినమున మేము తగిన సమాధానము చెప్పలేకపోతిమి. పిమ్మట వెదకి చదువగా, ఆ ప్రశ్నకే ఉత్తరము వెదకుచు తన ఆయువును వెచ్చించిన యొక శిల్పి చరిత్ర మాకు దొరకెను. అతని పేరు జాన్ వెల్బర్న్ రూట్. అతడు మేడలు కట్టిన నగరము అమెరికా సంయుక్త రాష్ట్రములలోని చికాగో. 1893లో అచ్చట జరిగిన సర్వమత మహాసభలో స్వామి వివేకానందులు ప్రసంగించుటచేత ఆ నగరము పేరు మన దేశమున పామరులకును తెలియును. ఆ సభ యేర్పడుటకు కారణమైన ప్రపంచ ప్రదర్శనమునకు మొదటి పటము గీచిన చేయి ఈ రూటుదే. కాని ఆ ప్రదర్శనమును అతడు చూడలేదు.

ముందుగా ఆ నేలను గూర్చి కొంత చెప్పవలసియున్నది. చికాగో మిచిగన్ అను మహాసరస్సు తీరమున ఉన్నది. దానికి పడమర దిక్కున కనుచూపు మేర గడ్డి మైదానములు. వానిని అచ్చటివారు ప్రెయిరీలందురు. ఆ విశాల భూమిలో పండిన గోధుమయు మొక్కజొన్నయు, పెరిగిన పశువులును, ఉత్తరపు అడవుల కలపయు, సరస్సు రేవునకును రైలుమార్గములకును కూడలియైన ఈ స్థలమునకే వచ్చి చేరుచుండెను. అందుచేత 1840లో 4,470 మంది జనముండిన ఊరు 1870 నాటికి సుమారు 3 లక్షల జనముగల పట్టణమాయెను. 1890 నాటికి ఆ సంఖ్య 11 లక్షలకు చేరువాయెను.

అయితే ఇంత పట్టణమునకును అడుగున ఉన్నది బురదయే. పైన కొన్ని అడుగుల గట్టిమట్టి, దానిక్రింద నీరూరు మెత్తని బంకమన్ను. రాతిపొర సుమారు 100 అడుగుల లోతునగాని లేదు. వానలు పడినపుడు వీధులలో బండ్లు ఇరుసులదాక దిగబడుచుండెను. మురుగు పారుటకు వాలు లేనందున 1850 తరువాతి యేండ్లలో పట్టణపువారు వీధులనే కొన్ని అడుగులు మెరకచేసి, అదివరకే కట్టియున్న ఇటుక మేడలక్రింద వందలకొలది మరజాకీలు పెట్టి, అందరు నొక్కసారిగా త్రిప్పి, మేడలను పైకెత్తిరి. లోపల వర్తకము మానకుండగనే మేడలు లేచెనట! నల్లరేగడి భూములలో ఇల్లు కట్టి, వేసవి రాగానే గోడ నెఱ్ఱెవిచ్చుట చూచిన మన గుంటూరు ప్రాంతమువారికి ఆ ఊరివారి కష్టము కొంత అర్థము కాగలదు.

ఆ మీదట అగ్ని వచ్చెను. 1871 అక్టోబరు 8వ తేది రాత్రి ఒక గొడ్లసావడి దగ్గర పుట్టిన నిప్పు గాలికి రేగి నగరము నడిబొడ్డును మ్రింగివేసెను. 10వ తేదిన వాన పడి చల్లారునప్పటికి 17,000 కంటె ఎక్కువ కట్టడములు భస్మమాయెను. సుమారు 300 మంది మరణించిరి. లక్షమంది నిలువ నీడ లేనివారైరి. కొయ్య యిండ్లు కాలుట వింత కాదు. అగ్నికి చెక్కుచెదరవని పేరుపొందిన ఇనుప స్తంభముల మేడలును వేడికి వంగి కూలెను. ఇనుము మండదు గాని మెత్తబడును. చికాగోవారు ఈ పాఠమును మిక్కిలి వెలయిచ్చి నేర్చుకొనిరి.

ఆ బూడిదలోనికి పని వెదకికొనుచు వచ్చిన యువకులలో రూటు ఒకడు. అతడు 1850 జనవరి 10వ తేదిన దక్షిణమందలి జార్జియా రాష్ట్రములో లంప్కిన్ అను చిన్న యూర జన్మించెను. తండ్రి సిడ్నీ రూట్ వర్తకుడు. కుటుంబము అట్లాంటా నగరమున స్థిరపడెను. బాలునికి చిన్ననాటినుండియు చిత్రలేఖనమునందును సంగీతమునందును ప్రీతి మెండు. 1861లో ఉత్తర దక్షిణ రాష్ట్రములమధ్య అంతర్యుద్ధము పుట్టగా సిడ్నీ రూట్ దక్షిణ పక్షమున నిలిచి, ఉత్తరపువారి యుద్ధనౌకల కన్నుగప్పి సరకులు చేరవేయు ఓడల వ్యాపారము చేసెను. ఆ పక్షము నల్లజాతివారిని బానిసలుగా నిలుపుకొనుటకై పోరాడిన పక్షమని మేము దాచక చెప్పవలెను. బాలుని సుఖమునకు ఆధారమైన ధనము అట్టి ధనము. 1864లో జనరల్ షెర్మన్ సేన అట్లాంటాను పట్టుకొనిన కాలమున తండ్రి 14 ఏండ్ల కుమారుని అట్టి ఓడ నొకదానిపై ఇంగ్లండునకు పంపివేసెను.

లివర్‌పూల్ దగ్గరనున్న యొక పాఠశాలలో రూటు చదివి, ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షలో నెగ్గెను. యుద్ధము ముగియగా తండ్రి పిలిపించెను. ఆక్స్‌ఫర్డు విడిచి న్యూయార్కు చేరి, అచ్చటి విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు చదివి 1869లో పట్టము పొందెను. తరువాత ఆ కాలపు ప్రసిద్ధ శిల్పియైన జేమ్స్ రెన్విక్ కార్యాలయమున జీతము లేకుండ ఒక సంవత్సరము పనిచేసెను. న్యూయార్కులోని సెంట్ పాట్రిక్ మహాదేవాలయము ఈ రెన్విక్ గీచినదే. పిమ్మట స్నూక్ అను మరియొక శిల్పి యొద్ద చేరి గ్రాండ్ సెంట్రల్ రైలు స్టేషను కట్టుటలో పనులపై విచారణ చేసెను. ఇంజనీరు చదువు, శిల్పి యింట శిష్యరికము, కట్టడము దగ్గర ఎండలో నిలువబడి చేయు పని, ఈ మూడును 22 ఏండ్లు నిండునప్పటికి అతనికి కలిసివచ్చినవి. మన బాలురలో డ్రాయింగు వచ్చినవానికి లెక్కలు గిట్టవు. లెక్కలు వచ్చినవాడు డ్రాయింగును ఆటవిడుపుగా నెంచును. రూటునకు రెండును ఒకటియే.

1872లో అతడు చికాగో చేరి, పీటర్ వైట్ అనువారు భాగస్థులుగానున్న శిల్పుల కార్యాలయమున ప్రవేశించెను. ఇనుప స్తంభముల చుట్టును కాల్చిన మట్టి పెంకులు తొడిగి అగ్నినుండి కాపాడు ఉపాయమును వృద్ధిచేసినవారిలో వైట్ ముఖ్యుడు. అచ్చటనే రూటునకు డేనియల్ బర్న్‌హాం అను మరియొక యువకుడు పరిచయమాయెను. ఈ బర్న్‌హాం హార్వర్డు, యేల్ అను రెండు విశ్వవిద్యాలయముల ప్రవేశ పరీక్షలలోను తప్పినవాడు. నెవాడా గనులలో అదృష్టము వెదకి ఉట్టిచేతులతో తిరిగివచ్చినవాడు. పరీక్షలో నెగ్గినవాడును తప్పినవాడును 1873లో జతగూడి బర్న్‌హాం అండ్ రూట్ అను కార్యాలయమును తెరచిరి.

తెరచిన యేటనే దేశమంతటను బ్యాంకులు కూలి గొప్ప ఆర్థిక సంకటము వచ్చెను. కట్టించువారు లేరు. బర్న్‌హాం ఇతరులయొద్ద పనిచేసి కొంత తెచ్చెను. రూటు ప్రెస్బిటేరియన్ దేవాలయమున ఆర్గను వాయించి కొంత సంపాదించెను. ఆ వాయిద్యమందు అతని నేర్పు సామాన్యమైనది కాదు. 1874లో పశువుల సంతల యజమానులలో ప్రముఖుడైన జాన్ షెర్మన్ తన గృహమును కట్టుటకు ఈ యువకులను పిలిచెను. ఆ యిల్లు బాగుగా అమరుటయే కాక, షెర్మన్ కుమార్తెను బర్న్‌హాం 1876లో పెండ్లాడెను. అటుపిమ్మట ధనికుల గృహములు వరుసగా వచ్చెను.

వారిద్దరికిని పనిలో పంపకము స్వభావముచేతనే కుదిరెను. కట్టించువారితో మాటలాడుట, గదుల అమరికను నిర్ణయించుట, ధనము లెక్కచూచుట బర్న్‌హాంవి. ఆ యమరికకు రూపమిచ్చుట, పునాది మొదలు కొనదాక దానిని నిలుపుట రూటువి. రూటు సంభాషణచతురుడు, నలుగురు కూడిన చోట పాడును, వాయించును. ఒకరి గొప్పతనమునకు ఒకరు అసూయపడక 18 ఏండ్లు కలిసి పనిచేసిరి. అన్నదమ్ములలోనే ఇది అరుదు కదా.

గృహజీవితమున అతనికి మొదట దుఃఖమే ప్రాప్తించెను. 1880లో మేరీ లూయిజా వాకర్ అను కన్యను వివాహమాడెను. ఆమె క్షయరోగముచే బాధపడుచుండినది. పెండ్లియైన కొన్ని వారములకే మరణించెను. 1882లో డోరా మన్రోను పెండ్లాడెను. ఈ డోరా చెల్లెలగు హారియట్ మన్రో కవయిత్రి. రూటు జీవితచరిత్రను 1896లో ప్రకటించినది ఆమెయే. ఆమె 1912లో స్థాపించిన పత్రికలోనే రవీంద్రనాథ ఠాకూరు గీతములు అమెరికాలో తొలుత అచ్చుపడినవి.

ఇక పునాదుల మాట. చికాగో నడిబొడ్డున స్థలము వెల మిన్నుముట్టుచుండగా, లిఫ్టు యంత్రము వచ్చి మెట్లెక్కు బాధను తీర్చగా, యజమానులు ఎత్తు మేడలు కోరసాగిరి. పదియంతస్తుల ఇటుకయు రాయియు బంకమన్నుపై నిలుచుట ఎట్లు? మేడ దిగబడుననుటలో సందేహము లేదు. కొన్ని అంగుళములు దిగబడినంతమాత్రమున ప్రమాదము లేదు. ఒక మూల ఎక్కువగాను ఒక మూల తక్కువగాను దిగబడిననే గోడలు చీలును. కావున ఒక్కొక్క స్తంభముపై ఎంత బరువు పడునో లెక్కకట్టి, ఆ బరువుకు తగినంత వైశాల్యము గల పునాది దానికి ఇచ్చినచో అన్నియు సమముగా దిగును. ఫ్రెడరిక్ బౌమన్ అను చికాగో శిల్పి ఈ సూత్రమును 1873లో చిన్న పుస్తకముగా ప్రకటించెను. అయితే అంత వైశాల్యము కావలెనన్న రాళ్లను మెట్లు మెట్లుగా గోపురమువలె పేర్పవలసి వచ్చెను. ఆ రాతిగుట్టలు నేలమాళిగనంతయు ఆక్రమింపగా, ఆవిరి బాయిలర్లకును యంత్రములకును చోటు లేకపోయెను.

1882లో పూర్తియైన మాంటాక్ అను పదియంతస్తుల మేడయందు రూటు దీనికి ఉపాయము కనిపెట్టెను. రైలు కమ్ములను ప్రక్కప్రక్కన పరచి, వానిపై అడ్డముగా మరియొక వరుస, దానిపై మరల నిలువుగా మరియొక వరుస పేర్చి, అన్నిటిని కాంక్రీటులో పూడ్చివేసెను. రాయి పలుచనైన విరుగును. ఇనుము వంగును గాని విరుగదు. కావున పలుచని పునాదియే విశాలముగా చాపవలె పరచుకొని బరువును మోసెను. నాట్ల సమయమున చేలో దిగినవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. బురదలో ఒంటికాలు మోకాటిదాక దిగును. పలక వేసి నిలిచినచో దిగదు. నేలమాళిగయు ఖాళీ దక్కెను. ఈ పద్ధతి కొన్ని యేండ్లపాటు నగరమంతట వ్యాపించెను. మన కృష్ణా గోదావరి వంతెనల స్తంభములకు బావులు దింపినట్లు రాతిపొరదాక గుండ్రని గోతులు త్రవ్వి కాంక్రీటు నింపు పద్ధతి చికాగోలో అలవాటైనది రూటు మరణానంతరమే.

మాంటాక్ మేడ కట్టించిన ధనము బోస్టను నగరస్థులగు బ్రూక్స్ సోదరులది. పీటర్ బ్రూక్స్ బోస్టనులోనుండి చికాగోలోని తన ప్రతినిధియగు ఓవెన్ ఆల్డిస్‌కు ఉత్తరములు వ్రాయుచు ప్రతి చిన్న సంగతినిగూర్చియు ఆజ్ఞలు పంపుచుండెను. మేడ అద్దెకిచ్చుటకేగాని అలంకారమునకు కాదని అతని మతము. గోడనుండి పొడుచుకొని వచ్చునది యేదైనను బొగ్గుమసి పట్టునని అతని భయము. నకాషీ పనియందు ఆసక్తిగల రూటునకు ఇట్టి యజమాని దొరకుట మొదట శాపమువలె కనబడియుండును.

ఆ సోదరుల ధనముతోడనే 1885 మొదలు 1888 వరకు రూకరీ అను మేడ వెలసెను. ఆ స్థలమునకు చిన్న చరిత్ర కలదు. అగ్ని ప్రమాదము తరువాత నగరసభవారు ఒక పాత ఇనుప నీళ్లతొట్టి చుట్టును తాత్కాలిక భవనమొకటి కట్టుకొనిరి. ఇంగ్లండు ప్రజలు జాలిచేత పంపిన సుమారు 8,000 పుస్తకములతో ఆ నగరపు మొదటి ప్రజా గ్రంథాలయము 1873లో ఆ తొట్టిలోనే తెరవబడెను! మన పుస్తకముల గది ఇరుకని సణుగు విద్యార్థులు దీనిని జ్ఞాపకముంచుకొందురు గాక. ఆ పాత భవనమున పావురములు గుంపులుగా చేరుటచేత జనులు దానిని పక్షుల గూడను అర్థము వచ్చు పేరున పిలిచిరి. అచ్చట చేరు రాజకీయులను ఉద్దేశించియే ఆ పేరు పెట్టిరని మరికొందరందురు. క్రొత్త మేడకును ఆ పేరే నిలిచెను.

రూకరీ వెలుపలి గోడలు ఎఱ్ఱరాయియు ఇటుకయు కలిసి కోటగోడలవలె నుండును. లోపలికి పోయినవారు ఆశ్చర్యపడుదురు. మన మండువా లోగిలియందువలె నడుమ ఆకాశమునకు తెరచిన చతురస్రముంచి, చుట్టును గదులు కట్టెను. ఆ నడిమి వాకిటికి రెండవ యంతస్తు పైభాగమున ఇనుము అద్దములతో కప్పు వేసెను. విద్యుద్దీపములు క్రొత్తగా వచ్చుచున్న ఆ కాలమున గుమాస్తాలు పగటి వెలుగుననే వ్రాసుకొనవలెను; ఆ వెలుగును ప్రతి గదికిని చేర్చుటయే ఈ అమరిక. వెలుపలి గోడలు తమ బరువును తామే మోయును. లోపలి వాకిటి గోడలు మాత్రము ఇనుప చట్రముపై నిలిచి, చాలభాగము కిటికీలే. బర్న్‌హాం రూటులు తమ కార్యాలయమును ఆ మేడ పై యంతస్తుననే పెట్టుకొనిరి. నడిమి వాకిటిని 1905లో ఫ్రాంక్ లాయిడ్ రైట్ తెల్లని చలువరాయితో మరల అలంకరించెను. మేడ నేటికిని నిలిచి, అద్దెకు సాగుచున్నది.

మేము ఈ వ్యాసమును వ్రాయబూనుటకు నిజమైన కారణము మొనాడ్నాక్ అను మూడవ మేడ. దానికి రూటు మొదట గీచిన పటములలో ఐగుప్తు దేశపు రీతిని అలంకారములుండెను. కొన్ని యేండ్లు ఆ పని నిలిచిపోయి 1889లో మరల ఆరంభమాయెను. ఆల్డిస్ తగ్గించుము, తగ్గించుమని కోరుచుండెను. హారియట్ మన్రో వ్రాసిన వృత్తాంతమిది. రూటు రెండు వారములు విశ్రాంతికై సముద్రతీరమునకు వెళ్లియుండగా, బర్న్‌హాం కార్యాలయములోని యొక డ్రాఫ్ట్‌సుమను చేత అలంకారము బొత్తిగా లేని, నిట్టనిలువుగా లేచిన మేడ పటమును గీయించెను. తిరిగివచ్చి చూచిన రూటు కోపగించెను. పదియారంతస్తుల ఇటుక పెట్టె! ఇన్నేండ్లుగా నకాషీలకు పేరుపడిన చేయి దానిపై సంతకము చేయవలెనా? ఎవరికైనను ఆ కోపము సహజమే. తన వెనుక తన పని మార్చబడెను.

కాని రూటు ఆ పటమును విసరివేయలేదు. కొన్ని దినములు దానిని ముందుంచుకొని చూచెను. చూడగా చూడగా అతనికి ఐగుప్తు పిరమిడ్ల వాలు మనస్సులో మెదలెను. ఒకనాడు ఆల్డిస్ యొద్దకు పోయి, ఒక్క అలంకారమైనను లేకుండ ఈ మేడను లేపెదనని తానే చెప్పెను. అటుపిమ్మట చేసినదంతయు అతని సొంత పనియే. గోడ అడుగున వెడల్పుగా నుండి, మొదటి యంతస్తు దాటగానే మెల్లగా లోపలికి వంగును. పైన చూరు దగ్గర మరల పువ్వువలె కొద్దిగా వెలుపలికి విచ్చుకొనును. గది గదికి వెలుగు వచ్చుటకై కిటికీలు వరుసలుగా ఉబ్బియుండును. మూలలు కత్తివలె పదునుగా నుండక క్రిందినుండి పైకి క్రమముగా గుండ్రనగును. ఆ గుండ్రనకై ఇటుకలను ప్రత్యేకపు అచ్చులలో పోయించిరి. రంగు ముదురు గోధుమ. చెక్కిన ఆకు లేదు, పువ్వు లేదు. లోపలి మెట్లలో అల్యూమినియము వాడిరి. ఆ లోహమును కట్టడములకు వాడిన మొదటి చోట్లలో ఇది యొకటి.

పదియారంతస్తుల బరువును గోడయే మోయవలసియుండుటచేత నేలమట్టమున దాని మందము 6 అడుగులు. అంతకుముందే, 1885లో, విలియం జెన్నీ అను శిల్పి అదే నగరమున ఇనుప చట్రముపై గోడలను వ్రేలాడదీయు పద్ధతితో హోమ్ ఇన్సూరెన్స్ మేడను కట్టియుండెను. ఆ పద్ధతిలో గోడ పరదావంటిది. ఎంత పలుచనైనను చెల్లును. రూటునకు ఇది తెలియనిది కాదు. తానును ఇతర మేడలలో ఇనుప చట్రమును వాడెను. ఇచ్చట మాత్రము యజమాని ఇటుకనే కోరెను. మొనాడ్నాక్ 1891లో పూర్తియాయెను. దానికి అంటుకొనియున్న దక్షిణపు సగమును 1893లో హోలబర్డ్, రోష్ అనువారు ఉక్కు చట్రముతో కట్టిరి. ఒకే మేడలో ఉత్తరపు సగము పాతపద్ధతి, దక్షిణపు సగము క్రొత్తపద్ధతి. గోడలో నడచి చూచినవారికి తేడా కాలిక్రిందనే తెలియును.

ఆ మేడ నేలలో 8 అంగుళములు దిగునని రూటు లెక్కకట్టి, అంత మేర ఎత్తుగా కట్టెను. లెక్క తప్పెను. ఏండ్లు గడచినకొలది అది సుమారు 20 అంగుళములు దిగెను. గోడలు మాత్రము చీలలేదు. పరీక్షలో ఇట్టి తప్పునకు మేము మార్కులు తగ్గింతుము. చికాగో బంకమన్ను తగ్గింపలేదు.

ఈ వ్యాపార మేడల నడుమ అతడు దేవాలయములను కూడ కట్టెను. 1888లో లేక్ వ్యూ అను పేటలో ప్రెస్బిటేరియన్ సంఘమువారికి కొయ్యపెంకుల చిన్న ఆలయమును, ఆ కాలముననే పశువుల సంతల దగ్గరి కూలిజనముకొరకు సెంట్ గాబ్రియేల్ కాథలిక్ ఆలయమును నిర్మించెను. రెండును నేటికిని ఉన్నవి. మద్యపాన నిషేధమునకై ఫ్రాన్సెస్ విల్లర్డ్ నాయకత్వమున పాటుపడిన క్రైస్తవ స్త్రీల సమాజమునకు గొప్ప మందిరమొకటి గీచెను.

1890లో అమెరికా శాసనసభ ప్రపంచ ప్రదర్శనమును చికాగోకు అనుగ్రహించెను. కొలంబసు ఆ ఖండమును చేరిన 400 ఏండ్లకు అది జ్ఞాపకోత్సవము. ఉద్యానశిల్పియగు ఓమ్‌స్టెడ్‌తో కలిసి రూటును బర్న్‌హామును సరస్సు తీరమున ఇసుకయు చిత్తడియు నిండిన జాక్సన్ పార్కు స్థలమును చూచిరి. కాలువలు, మడుగు, భవనముల స్థానములు చూపు మొదటి పటమును రూటు గోధుమరంగు కాగితముపై గీచెను. న్యూయార్కు మొదలగు తూర్పు నగరముల పెద్ద శిల్పులను పిలుచుటకు నిశ్చయమాయెను. వారు 1891 జనవరిలో వచ్చి రూకరీ మేడ పై యంతస్తున సభ చేసిరి. ఆ నెల 10వ తేదితో రూటునకు 41 ఏండ్లు నిండెను. 11వ తేది ఆదివారము. ఆ సాయంకాలము అతిథులను తన యింటికి పిలిచి విందు చేసెను. వారు సెలవు తీసుకొనునపుడు, అతిథులను బండి దాక సాగనంపు మర్యాదచేత, పైకోటు లేకుండ ఆ గడ్డకట్టు చలిలోనికి వచ్చెను. ఊపిరితిత్తులకు జ్వరము తగిలెను. 15వ తేదిన మరణించెను.

పనివారిలో చాలమంది యజమానిని కోల్పోయిరి; బర్న్‌హాం తన సగమునే కోల్పోయెను. అయినను ప్రదర్శనపు బాధ్యత అతనిపై నుండుటచే విడువక కొనసాగించెను. 1893లో తెరచినపుడు పెద్ద భవనములలో చాలభాగము గ్రీకు రోము దేశపు పద్ధతిని, తెల్లని రంగున వెలసెను. రూటు బ్రతికియున్నచో అది ఇంత తెల్లగా నుండక రంగులతో నుండెడిదని అతని మరదలు వ్రాసెను. ఆమె బంధుప్రీతిచేత అట్లన్నదని త్రోసివేయుట సులభమే. మొనాడ్నాక్ గోడను చూచిన తరువాత మాకు ఆమె మాటయందే మొగ్గు కలదు. బర్న్‌హాం తరువాత 1909లో చికాగో నగరమున కంతటికి అభివృద్ధి పటము తయారుచేసి కీర్తిపొంది 1912లో చనిపోయెను.

రూటు మేడలలో పెక్కు నేడు లేవు. మాంటాక్ మేడను కట్టిన 20 ఏండ్లకే, 1902లో, పడగొట్టిరి. స్త్రీల సమాజ మందిరము 1926లోను, అతడు గీచి తన మరణానంతరము 1892లో పూర్తియై ఆ నగరమున అన్నిటికంటె ఎత్తైనదిగా వెలసిన 21 అంతస్తుల మెసానిక్ టెంపుల్ 1939లోను పోయెను. స్థలము వెల పెరుగగా కట్టినవి, వెల ఇంకను పెరుగగా కూలినవి. అలంకారములతో నిండినవి అనేకము పోగా, అతడు కోపముతో చేపట్టిన ఆ ఇటుక పెట్టె నిలిచెను. దానిలో నేటికిని దుకాణములును కార్యాలయములును ఉన్నవి. మేడ అంతగా దిగినది కాబట్టి కొన్ని వాకిళ్లలో వీధినుండి లోపలికి మెట్టు దిగి పోవలెను.

రూటు మరణించునపుడు అతని కుమారుడు, తండ్రి పేరింటివాడే, మూడేండ్లవాడు. అతడును పెరిగి శిల్పియాయెను. మొనాడ్నాక్ దక్షిణపు సగమును కట్టిన హోలబర్డ్ కుమారునితో జతగూడి, 1930లో లాసాల్ వీధి చివర ధాన్యవర్తకుల సంఘమునకు 600 అడుగులకు మించిన మేడను కట్టెను. రూకరీ వాకిట నిలిచి దక్షిణముగా చూచినవారికి ఆ మేడ కనబడును.